మూడో గిన్నెలో బొద్దింక

మార్చి 3, మంగళవారం

పొద్దున్న ఎనిమిదింటికి నా టూత్‌బ్రష్షు మీద బొద్దింక కూర్చుని ఉంది. దారిన పోతూ కాలు జారి పడ్డట్టు కాదు. దర్జాగా, పడకకుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, ఒక మీసాన్ని నోట్లో పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా లాగి శుభ్రం చేసుకుంటోంది. నేను తలుపు తీశాక అయినా ఆగిందా? ఆగలేదు. ఒక మీసం పూర్తి చేసి, రెండోది మొదలుపెట్టి, అప్పుడు తీరిగ్గా నా వంక తిరిగింది. గోరంత ఉంది. లేత గోధుమరంగు, మెడ మీద రెండు నల్ల చారలు.

నలభై తొమ్మిదేళ్ళొచ్చాయి నాకు. తెలిసినవాళ్ళలో సగం మంది బ్రష్షులకి సబ్బు రాసిన చెయ్యి ఇది. నా బ్రష్షు మీద ఇంకొకరి పెత్తనమా?

"ఏమోయ్, ఇలా రా!" అని అరిచాను. మా ఆవిడ గరిటెతో సహా వచ్చింది, చూసింది, విసుక్కుంది.

"ఆ రబ్బరుదాన్ని తీసి డబ్బాలో పెట్టండి. ఇంకా ఎన్నాళ్ళండీ ఈ కోతి చేష్టలు?" అంటూ తనే రెండు వేళ్ళతో తియ్యబోయింది. రబ్బరుది పరిగెత్తింది. ఆవిడ కేకకి కింద ఓనరు మాస్టారు కిటికీ మూసేసుకున్నారు. ఆ తరవాత గంటసేపు నాకు తిట్లు. రబ్బరు బొద్దింకలా కదలకుండా కూర్చోమని నిజం బొద్దింకకి నేనే తర్ఫీదు ఇచ్చానట.

ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడానికి నేను చదివిన ఎనిమిదో తరగతి చాలు. మా వంటింటికి సరిగ్గా కింద వంటక్క వంటిల్లు. ఆఫీసులకీ కొట్లకీ రోజూ ఇరవై రెండు క్యారేజీలు వండి పంపిస్తుంది. అంత వంట జరిగే చోట బొద్దింకలు ఉండకుండా ఎలా ఉంటాయి? అవి పైపు పట్టుకుని పైకొచ్చాయి. ఇందులో ఆలోచించడానికేముంది!

మార్చి 4

చెప్పుతో ఆరు, కరెంటు బిల్లుతో రెండు, ఒట్టి కోపంతో ఒకటి. అన్నీ పగలే.

మార్చి 6, శుక్రవారం

ఉన్నవాటిలో పెద్ద స్ప్రే డబ్బా కొన్నాను. మూతికి గుడ్డ కట్టుకుని సింకు కింద, అలమారా వెనక, తలుపు సందుల్లో, బాత్రూం మూలల్లో డబ్బా ఖాళీ అయ్యేదాకా కొట్టాను. మా ఆవిడ రోజంతా వరండాలో కూర్చుని దగ్గింది.

నా టెస్టింగ్ బల్ల జోలికి మాత్రం పోలేదు. మందు తడి సర్క్యూట్లోకి దిగితే సెట్టు గోవిందా. నా రిపేరు కొట్లో చోటు చాలక మొండి కేసులన్నీ ఇంటికి తెచ్చుకుంటాను గదా, ప్రస్తుతం బల్ల మీద రెండు మిక్సీలు, ఒక స్టెబిలైజరు, హోటలు వాళ్ళ మైక్రోవేవ్ ఓవెనూ ఉన్నాయి. ఓవెను వచ్చింది జనవరి రెండో తారీఖున. పదిహేను రోజులు బుద్ధిగా పని చేస్తుంది, హఠాత్తుగా ఆగిపోతుంది, మర్నాడు ఏమీ ఎరగనట్టు మళ్ళీ పని చేస్తుంది. ఫ్యూజు చూశాను, ట్రాన్స్‌ఫార్మరు చూశాను, వెనకంతా విప్పి చూశాను. దొరకలేదు. అందుకే రెండు నెలలుగా ప్లగ్గు తియ్యలేదు. ఎప్పుడో ఒకప్పుడు నా కళ్ళ ముందే ఆగాలి, అప్పుడు పట్టుకుంటాను. సెట్టుని రోజుల తరబడి ఆన్‌లో పెట్టి పరీక్షించందే ఎవరికీ ఇవ్వను. పాతికేళ్ళుగా నా పద్ధతి అది. హోటలాయన విసిగిపోయి వేరేది కొనుక్కున్నాడట. కొనుక్కోనీ. దీని తప్పు దొరికేదాకా వదిలేది లేదు.

మార్చి 8, ఆదివారం

రెండు రోజులుగా ఒక్కటీ కనపడలేదు. గెలిచాను.

మెట్ల దగ్గర వంటక్క ఆపింది. పన్నెండేళ్ళుగా ఒకరినొకరు ఏడిపించుకోవడమే మా ఇద్దరి పని. నేను ఆవిడ క్యారేజీ అడుగున సైకిలు గంట కట్టి పంపితే, ఆవిడ క్యారేజీ నిండా గులకరాళ్ళు సర్ది, పైన కొత్తిమీర చల్లి నాకు పంపింది.

"తమ్ముడూ, పైన ఏం కొట్టావు? నా వంటింట్లో కళ్ళు మండిపోతున్నాయి."

"బొద్దింకల మందు అక్కా. నీ చుట్టాలొస్తే మర్యాద చేశాను."

"నా చుట్టాలా! ఇన్నేళ్ళలో నా ఇంట ఒక్క బొద్దింక లేదు. నిన్నట్నుంచి సింకు కింద తిరుగుతున్నాయి. నువ్వే తోలుంటావు."

"తోలడమెందుకు? పుట్టింటి మీద బెంగపడి వాటంతటవే వచ్చుంటాయి."

"నీ నోటికి స్విచ్చి బిగించే మెకానిక్కు ఎక్కడైనా ఉంటే చెప్పు, ముందు నిన్నే పట్టుకెళతా" అని నవ్వుకుంటూ పోయింది.

నవ్వు సంగతి అలా ఉంచు. ఒక్క బొద్దింక లేదట! ఇరవై రెండు మందికి వండే ఇంట్లో ఒక్కటీ లేదట! ఇద్దరమే ఉన్న ఇంట్లో, ఒక పూట వండి రెండు పూటలు తినే ఇంట్లో పుట్టాయట! అబద్ధమైనా కొంచెం అతికేట్టు చెప్పాలి గదా.

మార్చి 9

మళ్ళీ వచ్చాయి. గోడ గడియారం లోపల ఒకటి. దువ్వెన పళ్ళ మధ్య ఇంకొకటి. సబ్బు అంచు కొరికేశాయి. పాత పుస్తకం వెన్నుకి రాసిన గమ్ము తినేశాయి. ఏది పెడితే అది తినే ప్రాణికి ఇంత పొగరేమిటి?

సాయంత్రం మాస్టారి దగ్గరికి వెళ్ళి, కింద వంటింటి వల్ల పైన మేం కాపురం చెయ్యలేకపోతున్నామని చెప్పాను. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఇల్లు అద్దెకిచ్చినా లెక్క చెయ్యమన్నట్టే మాట్లాడతారు.

"మీరు చెబుతున్నది ఊహ. నిరూపణ ఎక్కడ? నేనూ ఆవిడ క్యారేజీయే తింటున్నాను. నాకెప్పుడూ ఏమీ కనపడలేదే?"

"కనపడేదాకా తింటూనే ఉంటారా?"

"కనపడితే మరుక్షణం ఖాళీ చేయిస్తాను. అప్పటిదాకా మీ ఇల్లు మీరు తుడుచుకోండి."

నా ఇల్లు నేను తుడుచుకోవాలట. పన్నెండేళ్ళుగా ఒక్క నెల అద్దె ఆలస్యం చెయ్యనివాణ్ణి. ఒళ్ళు మండిపోయింది.

మార్చి 10, మంగళవారం

కొట్టు పక్కన గోడౌనుకి నెలకోసారి పురుగుల మందు కొట్టడానికి ఒకాయన వస్తాడు. సన్నగా, తన మందు తనకే పట్టినట్టు ఉంటాడు. టీ ఇప్పించి కూర్చోబెట్టాను. బొద్దింకల గురించి అడగ్గానే మొహం వెలిగిపోయింది. సొంత పిల్లల చదువుల గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఈ చిన్న జాతిది గుడ్లన్నీ ఒక సంచిలో పెట్టుకుని, పిల్లలు రాబోయేదాకా మూడు నాలుగు వారాలు ఒంటికి అంటించుకునే తిరుగుతుందట. ఒక సంచిలో ముప్ఫయ్యో నలభయ్యో. రెండు నెలల్లో ఆ పిల్లలు తల్లులవుతాయట. ఇంటిపన్ను లేదు, పురిటి ఖర్చు లేదు. నీళ్ళు దొరికితే చాలు, నెల రోజులు తిండి లేకపోయినా ఉంటాయట. తల తెగినా వారం దాకా బతుకుతాయట. తల ఉన్నన్నాళ్ళే మనకిన్ని బాధలు, అది పోయాక కూడా వారం బతకాలంటే నా వల్ల కాదు.

"ఎప్పుడు కనపడుతున్నాయి?" అన్నాడు.

"పొద్దున్న. మధ్యాహ్నం. నా బ్రష్షు మీద."

"చీకట్లో తిరిగే జాతి పట్టపగలు బయటికొచ్చిందంటే లోపల చోటు చాలడం లేదన్నమాట. కిక్కిరిసిపోయి ఉంటాయి."

"అదే నేనూ అంటున్నాను. కింద ఆవిడ ఇంట్లో కిక్కిరిసిపోయాయి."

"మీరు చూసింది ఎక్కడ?"

"మా ఇంట్లో."

ఆయన నా వంక కాసేపు చూసి, మిగిలిన టీ తాగేశాడు. పురుగుల సంగతి తెలుసుగానీ ఇంగితం తక్కువ మనిషిలా ఉన్నాడు. కింద చోటు చాలకే గదా పైకొచ్చాయి!

మార్చి 12, గురువారం

ఇవాళ చిన్న సరదా చేశాను. పెద్దదేం కాదు.

పదకొండున్నరకి క్యారేజీలన్నీ కట్టి, ఆటో వచ్చేదాకా మెట్ల కింద అరుగు మీద వరసగా పెడుతుంది. అన్నిటికంటే ముందుండేది మాస్టారిది. పొద్దున్న చెప్పుతో కొట్టినవాటిలో నలగనిది ఒకటి ఉంది. టంకం పెట్టే పట్టకారుతో మూడో గిన్నెలో, అన్నం మీద, అంచుకి ఆనించి పెట్టాను. మూత మళ్ళీ సరిగ్గా వేశాను. అరనిమిషం పని.

మాస్టారు నిరూపణ కావాలన్నారు. ఇచ్చాను. అయినా పరాయిది కాదు, ఆవిడ బొద్దింకే. ఆవిడది ఆవిడకి అప్పజెప్పాను, అంతే.

మార్చి 13

నిన్న మధ్యాహ్నం మాస్టారి అరుపులు వీధి చివరిదాకా వినపడ్డాయట. నేను కొట్లో ఉన్నాను. బ్యాంకులో పనిచేసే ఆయన మేనల్లుడూ ఆవిడ దగ్గరే తింటాడు. మాస్టారు అతనికి ఫోన్ చేస్తే, అతను బ్యాంకంతా చెప్పాడు. ఒక్క పూటలో ఏడు క్యారేజీలు ఆగిపోయాయి.

ఇంటికొచ్చేసరికి వంటక్క అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో మూడో గిన్నె. ఖాళీదే. లోపలికి చూస్తోంది. నన్ను చూసి, మళ్ళీ గిన్నెలోకే చూసింది. నేనేదో ఒకటి అనాలి గదా, ఎప్పుడూ అనేవాణ్ణి. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కేశాను.

రాత్రి అన్నం తినలేదు. నిన్నటి పెరుగు పులిసింది.

మార్చి 14, శనివారం

ముప్ఫై ఒకటో తారీఖుకల్లా వంటిల్లు ఖాళీ చెయ్యమన్నారు మాస్టారు. మాటంటే మాటే ఆయనకి. ఇంకో నాలుగు క్యారేజీలు మానేశాయి.

మంచిదే. ఇక బొద్దింకలు పోతాయి.

మా ఆవిడ గురువారం నుంచి మాట్లాడటం లేదు. పంటి నొప్పి కాబోలు.

మార్చి 16

పోలేదు. ఇవాళ అయితే తెల్లటిది కనపడింది. సున్నం వేసినట్టు తెల్లగా, కళ్ళు మాత్రం నల్లగా. కొత్త జాతి పుట్టించిందా ఏమిటి కింద ఆవిడ? మందాయనకి ఫోన్ చేశాను. కొత్త జాతేం కాదట. పాత పెంకు విడిచిన తాజా బొద్దింకట, గంటల్లో రంగొస్తుందట. "అంత లేతది బయట కనిపించిందంటే, పుట్టిల్లు మీ ఇంట్లోనే, అడుగు దూరంలో ఉందన్నమాట" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. టీ ఇప్పించినందుకు ఇదా!

మా ఆవిడ ఇవాళ కూడా మాట్లాడలేదు. అన్నం పెట్టింది, వెళ్ళిపోయింది. పంటి నొప్పికి ఇన్ని రోజులా?

మార్చి 18, బుధవారం

పొద్దున్న వంటక్క పైకి వచ్చింది. పన్నెండేళ్ళలో నవ్వకుండా మా మెట్లెక్కడం ఇదే మొదటిసారి.

"తమ్ముడూ, ఏ సామానులో తప్పెక్కడుందో పట్టుకునేవాడివి నువ్వు. ఒకసారి వచ్చి నా వంటింట్లో తప్పెక్కడుందో చూసిపెట్టు. నాకు కనపడటం లేదు. రెండు రాత్రులు అన్నీ దించి కడిగాను."

కాదనడం ఎలా? టార్చి తీసుకుని వెళ్ళాను. గంటసేపు చూశాను. డబ్బాల వెనక చూశాను, పొయ్యి కింద పడుకుని చూశాను. మా ఆవిడ తుడిచిన అద్దం కంటే ఆవిడ నేలే నయం. పిండి డబ్బా మూతల అంచులు కూడా తుడిచి ఉన్నాయి. ఒక్క చోట, పై నుంచి, అంటే మా సింకు నుంచి దిగే పైపు చుట్టూ సీలింగులో వేలెడు కన్నం ఉంది. ఆ కన్నం నుంచి గోడ మీదుగా కిందికి మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, బొద్దింకల మలం. పైన దట్టంగా, కిందికొచ్చేకొద్దీ పల్చగా.

"ఏమైనా కనపడిందా?"

"ఆ కన్నం సిమెంటుతో మూయించు" అన్నాను.

"ఖాళీ చేసేదాన్ని, నాకెందుకు తమ్ముడూ సిమెంటు?"

మంచినీళ్ళిచ్చింది. తాగకుండా వచ్చేశాను.

మార్చి 19

చుక్కలు పైన దట్టంగా ఉండటం కాకతాళీయం అయ్యుంటుంది. అట్టముక్కల మీద గమ్ము రాసి మూడు చోట్ల పెట్టాను. చూద్దాం.

మార్చి 20, శుక్రవారం

వంటింటి అట్ట మీద నాలుగు. బాత్రూం అట్ట మీద మూడు. టెస్టింగ్ బల్ల కింది అట్ట మీద నలభై ఒకటి.

బల్ల కింద పెట్టిన అట్టకి గమ్ము ఎక్కువ రాసినట్టున్నాను.

అట్టలు అటూ ఇటూ మార్చాను. సాయంత్రానికి బల్ల కింద ముప్ఫై ఎనిమిది. అది వంటింటి అట్ట. గమ్ము తక్కువది.

వెలుతురు తేడా అయ్యుంటుంది.

మార్చి 21, శనివారం

మందాయనని ఇంటికి పిలిపించాను. కింద నుంచి వస్తున్నాయని ఆయన నోటితో అనిపించి, ఈ గోల వదిలించుకుందామని.

గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చాడు. "ఒక రకం జిడ్డు వాసన, మీకు రావడం లేదా? అలవాటైపోయుంటుంది" అన్నాడు. వంటింట్లోకి పోలేదు. బాత్రూంలోకి పోలేదు. తిన్నగా బల్ల దగ్గరికెళ్ళి, ఒక్కో సామాను మీదా చెయ్యి వేశాడు. జ్వరం చూసినట్టు. ఓవెను మీద చెయ్యి ఆగిపోయింది.

"వెచ్చగా ఉంది. ఎన్నాళ్ళుగా ఆన్‌లో ఉంది?"

"పరీక్షలో ఉంది."

"ఎన్నాళ్ళుగా అన్నాను."

"రెండున్నర నెలలు."

"ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"హోటలు వంటింట్లోంచి" అన్నాను.

ముందు ప్యానెలు విప్పమన్నాడు. బటన్ల వెనకున్న ప్యానెలు అది. ఆ ప్యానెలు ఎప్పుడూ పాడవదు, పాతికేళ్ళ అనుభవం, అందుకే విప్పలేదు. ఇవాళ నాలుగు మరలు విప్పాను.

బోర్డు కనపడలేదు. బోర్డు ఉండాల్సిన చోట గోధుమరంగు కదులుతోంది. పెద్దవి, చిన్నవి, ఆవగింజంతవి, ఆ తెల్లటివి రెండు. అటు పక్క ఒళ్ళు తగలాలి, ఇటు పక్క ఒళ్ళు తగలాలి, అలాంటి ఇరుకైతేనే వాటికి సుఖమట. మధ్యలో వెచ్చదనం. గుడ్ల సంచులు చిన్న చిన్న పర్సుల్లా పడున్నాయి. వాటి మలం కాఫీ పొడిలా ఒక వేలు మందాన పేరుకుంది. అది తడికి ఉబ్బి రెండు తీగల మధ్య అతుక్కుంది.

అదే తప్పు. పదిహేను రోజులకోసారి ఆగిపోవడానికి కారణం. రెండున్నర నెలలుగా నేను వెతుకుతున్నది.

"మీరు స్ప్రే కూడా కొట్టి ఉంటారు" అన్నాడు మందాయన. "అది కొడితే చావవు, చెదిరిపోతాయి. పైపు దొరికితే పైపు పట్టుకుని కింది వాళ్ళింటికి పోతాయి. పాపం, కింద ఎవరున్నారు?"

ఓవెనుని పెద్ద సంచిలో పెట్టి మూతి బిగించి తీసుకుపోయాడు. మూలల్లో జిగురు మందు చుక్కలు పెట్టాడు. ఒకటి తిని గూటికి పోయి చస్తే, దాన్ని మిగతావి తిని చస్తాయట. పది రోజులు ఓపిక పట్టమన్నాడు.

ఆయన వెళ్ళాక మా ఆవిడ తొమ్మిది రోజుల తరవాత నోరు విప్పింది.

"అన్నీ బాగానే విప్పుతారు మీరు. ఒక్క ముందు ప్యానెలే విప్పరు."

మార్చి 22

ఆదివారం. ఇంట్లోనే ఉన్నాను.

ఇప్పుడు చెప్పి ఏం లాభం? బొద్దింకలు పోతాయి, అదే గదా కావాల్సింది. ఆవిడకి ఇంకెక్కడైనా వంటిల్లు దొరుకుతుంది. ఆవిడ వంటకి ఎక్కడైనా జనం వస్తారు. మాస్టారిది కూడా తప్పే, నెల గడువైనా పూర్తిగా ఇవ్వలేదు. బ్యాంకు మేనల్లుడిది ఇంకా పెద్ద తప్పు, ఊరంతా చెప్పాడు. మందాయన మొదటి రోజే గట్టిగా చెప్పాల్సింది. హోటలు వాడు పురుగులున్న సామాను ఇవ్వడమేమిటి?

అందర్నీ కడిగేశాక పేజీలో ఇంకా చోటు మిగిలింది.

మార్చి 23, సోమవారం

పొద్దున్న కొట్టుకి బయల్దేరాను. పిట్టగోడ మీద క్యారేజీలు బోర్లించి ఉన్నాయి. పదహారు. ఎండలో తళతళలాడుతున్నాయి. వాటిలో సర్దేది లేకపోయినా వంటక్క రోజూ తోముతోందట. అరుగు మీద ఆరే ఉన్నాయి. ఆటోవాడు అటూ ఇటూ చూసి "ఇంతేనా అమ్మా?" అన్నాడు. "ఇంతే నాయనా" అంది.

కొట్టుకి పోలేదు. మాస్టారి తలుపు కొట్టాను.

"మాస్టారూ, మీ గిన్నెలో బొద్దింకని పెట్టింది నేను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, నన్ను ఆప్యాయంగా చూశారు. "కూర్చోండి. ఆవిడ వెళ్ళిపోతుందని మీ మనసు కష్టపడుతోంది. ఇంకొకరి తప్పు నెత్తినేసుకోవడానికి ఎంతో సంస్కారం ఉండాలి. మీలో ఇది ఉందని నేననుకోలేదు."

సంస్కారమట! నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో మొదటిసారి ఎదుటివాడి చెవిలో పువ్వు పెట్టకుండా మాట్లాడితే, నాకు సన్మానం!

"సంస్కారం కాదండీ, పట్టకారుతో పెట్టాను. మూడో గిన్నెలో."

"మూడో గిన్నె అని వీధంతా తెలుసు. పోయిన నెల నా గొడుగులో కాగితం ముక్కలు నింపింది మీరు. మీ మాట మీద లెక్క కట్టమంటారా?"

"అయ్యా, నిజం చెబుతున్నాను!" అని అరిచాను. ఆయన చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు చూసి బల్ల గుద్దాలనిపించింది.

"ఆయన చెప్పేది నిజమేనండీ."

గుమ్మంలో మా ఆవిడ. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటోంది.

"పైమెట్టు మీంచి నేను చూశాను. మూత తీసి పెట్టారు, మళ్ళీ చక్కగా మూత వేశారు. ఈయన పరువు పోతుందని నేను నోరు మూసుకున్నాను. అక్కడ ఆవిడ పొయ్యి ఆరిపోతోంది. నాదీ తప్పే."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ఈసారి నన్ను చూడ్డానికి కాదు, చూడకుండా ఉండటానికి.

"ఆవిడ ఖాళీ చెయ్యక్కర్లేదు. నా క్యారేజీ రేపట్నుంచి మళ్ళీ పంపమనండి. మీ రిపేరు సామాను ఒక్క ముక్క నా గడప దాటకూడదు. ఇక ఆవిడకి మీరే చెప్పుకోండి. నేను చెప్పను."

కిందికెళ్ళి చెప్పాను. ఓవెను సంగతి, పైపు సంగతి, పట్టకారు సంగతి. వంటక్క గిన్నెలు తోముతోంది. తోమడం ఆపలేదు. అంతా అయ్యాక నురగలో చేతులు అలాగే ఉంచి అడిగింది.

"ఎందుకు తమ్ముడూ?"

"నీ దగ్గర్నుంచే వస్తున్నాయనుకున్నాను."

"అనుకుంటే మెట్ల మీద నిలబడి నన్ను తిట్టొచ్చుగా? పన్నెండేళ్ళుగా తిట్టుకుంటూనే ఉన్నాం. నా అన్నంలో పెడతావా?"

"తప్పయిపోయింది అక్కా."

"ఆ మాట నేనేం చేసుకోను? దాన్ని ఏ క్యారేజీలో సర్దను?" చేతులు కడుక్కుని లేచింది. "మాస్టారు పోను ఇంకా పదిహేను మంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని రా. గుమ్మం గుమ్మానికీ వచ్చి నీ నోటితో చెప్పు. నేను పక్కనే నిలబడతాను. నువ్వు హాస్యమాడితే వాళ్ళు నమ్మరు, జాగ్రత్త."

మార్చి 25, బుధవారం

బ్యాంకులో నవ్వారు. పందెం కట్టి వచ్చాననుకున్నారు. ఓవెను సంగతి మొదట్నుంచి చెప్పాను. బోర్డు మీద ఏముందో చెప్పేసరికి నవ్వు ఆగింది. మేనల్లుడు మాత్రం "భలే మనిషివయ్యా" అన్నాడు. అది పొగడ్త కాదు.

ముగ్గురు మళ్ళీ పంపమన్నారు.

కళ్ళజోళ్ళ కొట్టాయన అడిగాడు, "మా మిక్సీ నీ దగ్గరే ఉంది. దాంట్లో కూడా ఉన్నాయా?" లేవు అని నోటిదాకా వచ్చింది. వంటక్క సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "ఉండొచ్చు" అన్నాను. మిక్సీ వెనక్కి తీసుకుపోయాడు. క్యారేజీ మాత్రం మళ్ళీ పంపమన్నాడు.

మార్చి 26

నలుగురు. ఇద్దరు మిక్సీలు వెనక్కి అడిగారు.

మార్చి 28, శనివారం

పన్నెండు గుమ్మాలయ్యాయి. ఎనిమిది మంది వచ్చారు. ముగ్గురు ఆలోచిస్తామన్నారు. దర్జీ ఒక్కడూ కుదరదన్నాడు.

"నువ్వు పెట్టావో, అదే వచ్చి పడిందో, నాకెందుకు? విన్నాను గదా. మూత తీసినప్పుడల్లా అదే కనపడుతుంది. విన్నదాన్ని వినలేదని ఎలా అనుకోను?"

ఎంత చెప్పినా అంతే. మిషను తొక్కుతూనే ఉన్నాడు, తలెత్తలేదు. బయటికొచ్చాక నాకు ఒళ్ళు తెలియలేదు. నడిరోడ్డు మీద వాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. మొండివాడన్నాను, వాడు కుట్టిన చొక్కాకి ఒక చెయ్యి పొడుగన్నాను, పొట్టచేత పట్టుకుని వచ్చిన మనిషి మీద కనికరం లేదన్నాను.

వంటక్క ఆగి నిలబడింది.

"అయిపోయిందా?"

"అది కాదక్కా, వాడికి మనసనేది..."

"వాడు ఏడేళ్ళు నా అన్నం తిన్నాడు. ఒక్క రోజు వంక పెట్టలేదు. వాడికి అన్నం మీద రోత పుట్టించింది వాడు కాదు."

గేటు దగ్గర, "ఇంకా ముగ్గురున్నారు. రేపు ఎనిమిదింటికి దిగు" అంది.

"రేపు ఆదివారం అక్కా. ఆఫీసులుండవు."

"ఇళ్ళుంటాయి. ముందు దర్జీ ఇంటికే పోదాం."

"వాడు తలుపు తియ్యడు."

"తీసేదాకా నిలబడు."

ఎంత అన్యాయమో చూడు. సెలవు రోజున, పొద్దున్నే, వేరే మనిషి గుమ్మంలో, వాడు తియ్యని తలుపు ముందు. వాడు కిటికీలోంచి చూసి కర్టెను లాగేస్తాడు, నాకు తెలుసు. వీధిలో పోయేవాళ్ళు నవ్వుతారు. మధ్యాహ్నమైనా తియ్యడు.

ఇస్త్రీ చొక్కా బయట పెట్టుకున్నాను.